సొంత టేబుల్ వేసుకున్న ఆడవాళ్లు

డొరొతీ వైజ్ తనే ప్రపంచ చాంపియన్‌నని చెప్పుకునేది. ఆమెకు ఎవరూ కప్పు ఇచ్చింది లేదు, కిరీటం పెట్టింది లేదు. బిలియర్డ్స్‌కు చుట్టమైన పూల్ ఆటలో ఆడవాళ్లకు జాతీయస్థాయి పోటీలనేవే దాదాపు లేని రోజులవి. చుట్టుపక్కల జరిగిన పోటీలన్నీ గెలుచుకుంటూ పోయింది. ఎదురు నిలిచేవాళ్లు కనిపించకపోయేసరికి ఆ బిరుదేదో తనే పెట్టేసుకుంది. 1914లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్పొకేన్‌లో పుట్టిన మనిషి. 1967లో బిలియర్డ్ కాంగ్రెస్ ఆఫ్ అమెరికా మొట్టమొదటిసారి ఆడవాళ్లకు యూఎస్ ఓపెన్ పెట్టేనాటికి ఆమెకు యాభై దాటాయి. వచ్చింది, ఆడింది, గెలిచింది. ఆ ఒక్క ఏడే కాదు, వరసగా అయిదేళ్లు గెలిచింది. ఎన్నాళ్లుగానో తను చెప్పుకుంటున్న మాట నిజమేనని లోకం అప్పుడు ఒప్పుకుంది.

ఆ అయిదేళ్లలోనే, 1969లో, తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి అదే పోటీకి వచ్చింది. పేరు జీన్ బలూకస్. బ్రూక్లిన్‌లో వాళ్ల నాన్నకు పూల్ హాల్ ఉండేది. నాలుగేళ్లకే క్యూ కర్ర పట్టింది. ఆరేళ్లకు న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో జనం మధ్య ఆడి చూపించింది. యూఎస్ ఓపెన్‌లో ఆమెకు మొదటిసారి దక్కింది అయిదో స్థానం. మరుసటేడు నాలుగు, ఆ పై ఏడు మూడు. 1972లో పదమూడేళ్లకు చాంపియన్. అక్కడినుంచి వరసగా ఏడేళ్లు ఆ టైటిల్ ఆమె చేతిలోంచి జారలేదు.

డొరొతీకీ జీన్‌కీ మధ్య నలభై అయిదేళ్ల తేడా. అమ్మమ్మ, మనవరాలు వరస. మహిళల పూల్ కథ ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఈ ఇద్దరినే చూపిస్తాను. డొరొతీకి యాభై దాటేదాకా దొరకనిది ప్రతిభ కాదు, పేరూ కాదు. ఎదురుగా నిలబడి ఆడే మనిషి దొరకలేదు. ఆ మనిషిని వెతికి తెచ్చిపెట్టే పోటీ లేదు. ఆ తర్వాత జరిగిందంతా అలాంటి పోటీని కట్టుకోవడానికీ, కట్టుకున్నది కూలకుండా నిలబెట్టుకోవడానికీ ఆడవాళ్లు పడ్డ పాటే.

అంతకుముందు ఆడినవాళ్లు లేకపోలేదు. పెన్సిల్వేనియాలోని హోన్స్‌డేల్ అనే చిన్న ఊళ్లో రూత్ మెక్‌గినిస్ తండ్రి మంగలి షాపులో వేసిన పూల్ టేబుళ్ల మీదే ఆట నేర్చుకుంది. 1930లలో రాల్ఫ్ గ్రీన్‌లీఫ్, విల్లీ మస్కోనీ లాంటి మేటి ఆటగాళ్లతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఊళ్లలో పేరున్న మగవాళ్లను వాళ్ల టేబుళ్ల మీదే ఓడించింది. జపాన్ నుంచి వచ్చిన మసాకో కట్సురా 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలో త్రీ కుషన్ బిలియర్డ్స్ ప్రపంచ టైటిల్ కోసం మగవాళ్ల మధ్య ఆడింది. ప్రపంచ టైటిల్‌కు పోటీపడిన మొదటి మహిళ ఆమే. ఇద్దరూ గొప్పవాళ్లు. అయితే టికెట్టు కొని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆట చూడ్డానికి రాలేదు, ఆడది ఆడుతోందట అన్న వింత చూడ్డానికి వచ్చారని నాకనిపిస్తుంది. వింత కొన్నాళ్లకు పాతబడుతుంది. ఆట బతకాలంటే మళ్లీ వచ్చే ఏడు కూడా అదే తేదీకి టోర్నమెంటు జరగాలి.

పూల్ హాలు మరి ఎలాంటి చోటు? సిగరెట్ పొగ, పందేలు, అర్ధరాత్రి దాటిన వేళలు. ముందు రెండు ఆటలు కావాలని ఓడి, పందెం పెంచి, తర్వాత అసలు ఆట బయటికి తీసి జేబులు ఖాళీ చేసేవాళ్ల అడ్డా. 1961లో వచ్చిన ‘ద హస్లర్’ సినిమా ఆ లోకాన్ని ఊరూరికీ చూపించింది. అలాంటి చోటికి ఆడపిల్లను పంపడానికి ఏ ఇంట్లోనూ మనసొప్పదు. బలూకస్‌కు ఆ గుమ్మం తెరుచుకుందంటే హాలు వాళ్ల నాన్నది కాబట్టి. తలుపు తీసే తండ్రి లేని పిల్లల మాటేమిటి?

1976లో మాడెలిన్ విట్లో, పామర్ బైర్డ్, లారీ మిల్లర్ కలిసి ఆడవాళ్లకంటూ ఒక సంఘం పెట్టారు. ఉమెన్స్ ప్రొఫెషనల్ బిలియర్డ్ అసోసియేషన్ అని ఇవాళ అందరూ పిలిచే సంస్థకు అదే పునాది. డబ్ల్యూపీబీఏ అంటారు. అప్పట్లో ఆడవాళ్ల పోటీ అంటే ఎక్కువగా మగవాళ్ల టోర్నమెంటుకు తోకగా జరిగేదే. టేబుల్ ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే ఆట, మిగిలినంతే బహుమతి. సంఘం ముందు రెండు పనులున్నాయి. ఒకటి డబ్బు తేవడం. రెండోది, నా లెక్కలో అంతకన్నా కష్టమైనది, ఈ ఆటకంటిన మురికిని కడగడం. స్పాన్సరు రావాలన్నా, టీవీ కెమెరా రావాలన్నా పూల్ హాలు వాసన పోవాలి. అందుకే బట్టల విషయంలోనూ, టేబుల్ దగ్గర మెలిగే తీరులోనూ వాళ్లు పట్టుదలగా ఉన్నారు.

ఈ ఆటలో మర్యాదకు అంత విలువ ఎందుకో తెలియాలంటే టేబుల్ పక్కన వేసిన కుర్చీని చూడాలి.

టెన్నిస్‌లో అవతలివాళ్లు ఎంత గట్టిగా కొట్టినా బంతి మీ వైపుకొస్తుంది, తిరిగి కొట్టే అవకాశం ఉంటుంది. పూల్‌లో అది లేదు. ఒకరు టేబుల్ దగ్గరుంటే రెండోవాళ్లు కుర్చీలో కూర్చోవాలి. నైన్ బాల్ అనే పద్ధతిలో 1 నుంచి 9 దాకా తొమ్మిది బంతులు. టేబుల్ మీద మిగిలిన వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె బంతినే, క్యూతో కొట్టే తెల్లబంతి ముందుగా తాకాలి. తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవాళ్లది ఆ ర్యాక్, అంటే ఆ ఒక్క ఆట. గెలిచినవాళ్లకే మళ్లీ బ్రేక్, అంటే మొదటి దెబ్బ, ఇచ్చే పద్ధతిలో అయితే, చేయి తిరిగినామె ఒక ర్యాక్ తర్వాత ఒకటి ఖాళీ చేసుకుంటూ పోతుంది. కుర్చీలో ఉన్నామెకు లేచి నిలబడే పనే ఉండదు. చేతిలో క్యూ ఉంటుంది, పక్కన మంచినీళ్ల గ్లాసు ఉంటుంది, ఎదురుగా తన ఓటమి మెల్లగా తయారవుతుంటుంది. చూస్తూ కూర్చోవాలి.

సరిగ్గా ఆ కుర్చీలోనే మనిషి నైజం బయటపడుతుంది. అవతలామె వంగి గురి చూస్తున్న క్షణంలో గ్లాసులో ఐస్ గలగలలాడించొచ్చు. చూపు తగిలే చోట కాలు కదపొచ్చు. సరిగ్గా అప్పుడే లేచి క్యూ కొనకు చాక్ రుద్దుకోవచ్చు. పూల్ హాళ్లలో దీన్ని షార్కింగ్ అంటారు. ప్రపంచ పూల్ నియమావళి ప్రత్యర్థి ఏకాగ్రతను చెడగొట్టడాన్ని, కావాలని ఆట సాగదీయడాన్ని, టేబుల్ మీద గుర్తులు పెట్టుకోవడాన్ని క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని స్పష్టంగా చెబుతుంది. కానీ ఐస్ ముక్క పొరపాటున కదిలిందా, కావాలని కదిపిందా అన్నది తేల్చేదెవరు? చాలా మ్యాచ్‌ల్లో పక్కన రిఫరీ ఉండరు. బంతికి చొక్కా చెయ్యి తగిలితే ఆ సంగతి తగిలినామెకే తెలుస్తుంది. తానే చెప్పి, తెల్లబంతిని ఎదుటామె చేతికివ్వాలి. అంటే ఆ బంతిని ఎదుటామె తనకిష్టమైన చోట పెట్టుకుని ఆడుకోవచ్చు. ఆ ర్యాక్ చాలావరకు పోయినట్టే.

ఇంకో నియమం నాకు చాలా ఇష్టం. వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ర్యాక్ పోతుంది. కానీ రెండో ఫౌల్ అయ్యాక ‘నీకు రెండయ్యాయి’ అని హెచ్చరించాలి. రిఫరీ లేకపోతే ఆ మాట చెప్పాల్సింది ప్రత్యర్థే. చెప్పకపోతే మూడో ఫౌల్‌కు ర్యాక్ పోదు. తను గెలవాలంటే అవతలామెను ముందుగా జాగ్రత్త చెయ్యాలి, ఆపైనే ఆ తప్పు మీద హక్కు. ఏ నీతిశాస్త్రం చదివి ఈ నియమం రాశారో గానీ, రాసినవాళ్లకు ఆట బాగా తెలుసు, మనుషులూ బాగా తెలుసు.

ఇలా మర్యాదను పునాదిగా వేసుకున్న సంఘానికి మొదటి పెద్ద దెబ్బ ఆ మర్యాద దగ్గరే తగిలింది. తగిలింది కూడా తమ అందరిలోకీ గొప్ప ఆటగత్తె విషయంలో.

1980లలో బలూకస్‌కు సాటి లేదు. మహిళల పోటీల్లో వరసబెట్టి గెలుస్తూ పోయింది. 1985లో బిలియర్డ్ కాంగ్రెస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లింది. అలా వెళ్లిన ఆడవాళ్లలో డొరొతీ వైజ్ తర్వాత ఆమె రెండోది. అప్పటికి ఆమెకు ముప్ఫై కూడా నిండలేదు. మగవాళ్ల పోటీల్లో కూడా దిగింది. కానీ ఎప్పుడూ ఒకరే గెలుస్తుంటే మిగతావాళ్లకు ఎలా ఉంటుంది? ఎప్పుడూ గెలవాల్సిందేనన్న బరువు మోసేదానికి మటుకు ఎలా ఉంటుంది? 1988లో ఒక పోటీలో ఆమె తీరు క్రీడాస్ఫూర్తికి తగినట్టు లేదన్న అభియోగం వచ్చింది, వివాదం ముదిరింది. ముప్ఫై నిండకముందే, ఆట ఉచ్చదశలో ఉండగా, జీన్ బలూకస్ ప్రొఫెషనల్ పూల్‌కు స్వస్తి చెప్పింది. మళ్లీ తిరిగి రాలేదు. బ్రూక్లిన్‌లో కుటుంబం నడిపే పూల్ హాల్లో ఉండిపోయింది.

తప్పెవరిదని ఈ రోజుకీ వాదించుకునేవాళ్లున్నారు. సంఘం చేతిలో ఉన్న ఆస్తి ఒక్కటే, నియమం అందరికీ ఒకటేనన్న మాట. ఆ మాటను చాంపియన్ కోసం వంచితే చిన్న ఆటగత్తెలు తమ ఫౌల్ తామెందుకు చెప్పాలి? అది ఒక వైపు. మరోవైపు, ఆ ఆటగత్తె ఆరేళ్ల వయసు నుంచీ జనం కళ్ల ముందే పెరిగింది. ఆ ఒక్క పోటీలో ఆమె ముఖం మీద కనిపించినదాన్ని బట్టి మనిషినంతా తూచకూడదు. నా మనసు రెండో వైపే మొగ్గుతుంది. నియమం ఉండాల్సిందే. కానీ ఆమెను పోనివ్వకుండా ఆపగలిగిన మాటొకటి ఎవరో ఒకరు అనుండాల్సింది. ఆమె వెళ్లిపోవడంతో ఈ ఆట ఎంత పోగొట్టుకుందో లెక్కగట్టలేం. ఆమెకు సాటిరాగల ఆటగత్తెలు ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకే వచ్చారు. అప్పటికి ఆమె టేబుల్ దగ్గర లేదు.

ఆ ఏడెనిమిదేళ్లలో మాత్రం ఆట రూపమే మారిపోయింది. 1986లో పూల్ ఆట మీద వచ్చిన ‘ద కలర్ ఆఫ్ మనీ’ సినిమాతో అమెరికా నగరాల్లో కొత్త తరం పూల్ హాళ్లు వెలిశాయి, వెలుతురుగా, శుభ్రంగా. 1990లో జర్మనీలోని బెర్గ్‌హైమ్‌లో ఆడవాళ్లకు మొదటి నైన్ బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది, రాబిన్ బెల్ గెలిచింది. 1993లో డబ్ల్యూపీబీఏ మగవాళ్ల నీడలోంచి పూర్తిగా బయటికొచ్చి క్లాసిక్ టూర్ పేరుతో సొంత టూర్ మొదలుపెట్టింది. ఈఎస్‌పీఎన్ టీవీ ఆ మ్యాచ్‌లు చూపించింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే. టేబుల్ పాతది, నియమాలు పాతవి. తేదీలు, బహుమతులు, తామే నడుపుకునే యంత్రాంగం కొత్తవి. స్వీడన్‌లోని యావ్లే నుంచి పదిహేడేళ్లకు అమెరికా వచ్చి ఉండిపోయిన ఈవా మతాయా లారెన్స్, పదిహేనేళ్లకే ప్రపంచ టైటిల్ గెలిచిన న్యూజెర్సీ అమ్మాయి లోరీ జోన్ జోన్స్, టెక్సస్ నుంచి వివియన్ విల్లారియల్, ఆస్ట్రియా నుంచి గెర్డా హోఫ్‌స్టాటర్. టీవీ చూసేవాళ్లకు ఈ పేర్లు ఇంట్లోవాళ్ల పేర్లంత పరిచయమైపోయాయి.

అందరికన్నా ఎక్కువ మోగిన పేరు జెనెట్ లీ. బ్రూక్లిన్‌లో పుట్టిన కొరియన్ అమెరికన్. వెన్నెముక పక్కకు వంగిపోయే స్కోలియోసిస్ జబ్బుకు పదమూడేళ్లకే ఆపరేషన్ చేసి వెన్నులో లోహపు కడ్డీలు పెట్టారు. అలాంటి వెన్నుతో టేబుల్ మీదికి వంగి గంటల తరబడి ఆడాలంటే ఎంత నొప్పో ఊహించుకోండి. 1989లో మన్‌హాటన్‌లోని చెల్సీ బిలియర్డ్స్‌లో అడుగుపెట్టాక ఆ ఆట తప్ప ఇంకేదీ పట్టలేదు. అయిదేళ్లు గడిచేసరికి ప్రపంచంలో నంబర్ వన్. నల్ల బట్టలు, నల్లటి జుట్టు, బ్లాక్ విడో అన్న పేరు. గెలుస్తానని నోరారా చెప్పి మరీ గెలిచేది.

తోటి ఆటగత్తెల్లో చాలామందికి ఆమె నచ్చలేదు. ఏళ్ల తరబడి ఆడి, బస్సుల్లో తిరిగి, సంఘాన్ని నిలబెట్టినవాళ్లు వాళ్లు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మీదే కెమెరాలన్నీ తిరిగాయి. మండదా? జెనెట్ కూడా ఆ తొలి రోజుల్లో స్నేహం కోసం చేయి చాచిన మనిషి కాదు. కానీ ఆమె వల్లే పూల్ అంటే తెలియని జనం ఆగి టీవీ చూశారన్నది కూడా అంతే నిజం. ఆ జనాన్ని చూసి వచ్చిన డబ్బుతో అందరికీ బహుమతులు పెరిగాయి. 2021లో ఆమెకు అండాశయ క్యాన్సర్ నాలుగో దశలో ఉందని తెలిసినప్పుడు, ముగ్గురు కూతుళ్ల భవిష్యత్తు కోసం నిధి మొదలైతే పూల్ లోకం అంతా కదిలింది. ఒకప్పుడు కుర్చీలో కూర్చుని ఆమె ఆటను కళ్లెర్రజేసి చూసినవాళ్లున్న లోకమే అది.

ఇక ఇంగ్లాండ్ వైపు నుంచి వచ్చిన స్నూకర్ ఆటగత్తెల కెరటం. దీనికి మన దేశంతో ఒక ముడి ఉంది. స్నూకర్ పుట్టింది 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో అని చెబుతారు. నియమాలు ఊటీ క్లబ్బులో కుదురుకున్నాయి. ఇక్కడినుంచి ఇంగ్లాండ్ చేరి అక్కడ పెద్ద ఆటయింది. ఏడేళ్ల వయసులో టీవీలో స్నూకర్ చూసి మోజుపడ్డ అలిసన్ ఫిషర్ 1985లో పదిహేడేళ్లకే ఆడవాళ్ల ప్రపంచ స్నూకర్ చాంపియన్ అయింది. మొత్తం ఏడుసార్లు గెలిచింది. 1991లో స్నూకర్ దిగ్గజం స్టీవ్ డేవిస్‌తో జోడీకట్టి మిక్స్‌డ్ డబుల్స్ ప్రపంచ మాస్టర్స్ కూడా గెలిచింది. కానీ ఆడవాళ్ల స్నూకర్‌లో బతుకుదెరువు లేదు. ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషి 1995 అక్టోబరులో పెట్టె సర్దుకుని అమెరికా వచ్చింది, పూల్ ఆడుకుని బతకడానికి.

స్నూకర్ టేబుల్ పన్నెండు అడుగుల పొడవు, పాకెట్లు ఇరుకు, బంతులు చిన్నవి. తొమ్మిదడుగుల పూల్ టేబుల్ మీద అలాంటి చేతికి గురి తప్పడం అరుదు. కొత్తగా నేర్చుకోవాల్సింది బ్రేక్ కొట్టడం, కుషన్‌కు, అంటే టేబుల్ అంచుకు, కొట్టి దాగిన బంతిని తాకించడం, తెల్లబంతిని గాల్లోకి ఎగరేయడం లాంటివి. నేర్చుకుంది. ఆడిన రెండో టోర్నమెంటే గెలిచింది. 1996, 97, 98లలో వరసగా మూడుసార్లు ప్రపంచ నైన్ బాల్ టైటిల్. మొహం మీద ఏ భావమూ కనిపించనిచ్చేది కాదు. గెలిచినా ఓడినా షేక్‌హ్యాండ్ ఒకేలా ఇచ్చేది. ఇంత గెలుపును అమెరికన్ ఆటగత్తెలు ఎలా భరించారంటే, ఆ నిబ్బరమే సగం కారణమని నా నమ్మకం.

1998లో ఉత్తర ఐర్లాండ్‌లోని బాలిమనీకి చెందిన కారెన్ కోర్ వచ్చింది. ఆమె కూడా స్నూకర్‌లో మూడుసార్లు ప్రపంచ విజేత. ఇంగ్లాండ్‌లోనే ఇద్దరికీ ఒకరి ఆట ఒకరికి తెలుసు. పాత పోటీ కొత్త ఖండం మీద, కొత్త టేబుల్ మీద మళ్లీ మొదలైంది. 2001లో క్లాసిక్ టూర్ పోటీలన్నీ కారెనే ఊడ్చేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. అదే ఏడు జపాన్‌లోని అమాగసాకిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మాత్రం అలిసన్‌ది. ఒకరు ఏడాదంతా గెలిచారు, ఒకరు ఆ ఒక్క వారం గెలిచారు. ఎవరు గొప్ప అని నన్నడిగితే జవాబు చెప్పను. ఒకరు లేకపోతే రెండోవాళ్లు అంత ఎత్తుకు ఎదిగేవాళ్లు కాదు. బలూకస్‌కు దొరకని అదృష్టం ఇది.

వాళ్ల వెనకే అయిదుసార్లు స్నూకర్ ప్రపంచ విజేత కెల్లీ ఫిషర్ కూడా ఇటే వచ్చింది. ఇంటిపేరొక్కటే, అలిసన్‌తో చుట్టరికం లేదు. బ్రిటన్‌లో ఆడవాళ్ల స్నూకర్‌కు డబ్బు ఆగిపోతుంటే, అమెరికాలో ఆడవాళ్లే కట్టుకున్న టూర్ ఒకటి వాళ్లను నిలబెట్టింది. దక్షిణ కొరియా నుంచి కిమ్ గా-యంగ్, చైనా నుంచి పాన్ షియావోటింగ్ కూడా ఆ టూర్‌లో ఆడారు.

2008 మాంద్యం దెబ్బకు స్పాన్సర్లు తగ్గారు, టోర్నమెంట్లు తగ్గాయి. టీవీలో ఆట కనిపించడం తగ్గిపోయింది. డబ్ల్యూపీబీఏ మూతపడలేదు గానీ ఆ పాత రోజులు తిరిగి రాలేదు. ఆట బరువు మెల్లగా ఆసియాకు మారింది. తైవాన్, చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు ప్రపంచ టైటిళ్లు గెలవడం మామూలైంది.

2024 సెప్టెంబరులో న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మహిళల ప్రపంచ నైన్ బాల్ ఫైనల్ జరిగింది. ఒకవైపు చైనాకు చెందిన చెన్ సిమింగ్, రెండోవైపు ఫిలిప్పీన్స్‌కు చెందిన రూబిలెన్ అమిత్. అమిత్ పది బంతులతో ఆడే టెన్ బాల్‌లో 2009లోనూ 2013లోనూ ప్రపంచ విజేత. నైన్ బాల్ కిరీటం మాత్రం అప్పటిదాకా అందలేదు, ఆ దేశపు ఆడవాళ్లలో ఇంకెవరికీ కూడా అందలేదు. మొదటి సెట్ చెన్ తీసుకుంది. తర్వాతి సెట్లు అమిత్ గెలుచుకుంటూ వచ్చింది. నలభై రెండేళ్ల వయసులో ఆ టైటిల్ ఆమె చేతికొచ్చింది.